తెలుగునేల మీద కంప్యూటర్ – 9: సర్వర్ నిద్ర లేచే వేళ

పోయిన భాగం హైదరాబాదులో ఆగింది. 1967 ఏప్రిల్‌లో అణుశక్తి శాఖ కింద ఈసీఐఎల్ పుట్టడం, భీమవరం దగ్గరి మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు గారు దాన్ని తన చేతుల మీద పెంచడం, ట్రాంబేలో 1969లో సిద్ధమైన టీడీసీ-12 కంప్యూటర్ ఈసీఐఎల్ చేతికొచ్చి అమ్మకానికి తయారవడం చూశాం. యంత్రం గదిలోకి వచ్చింది. కరెంటు ఇచ్చారు. కరెంటు ఇవ్వగానే అది ఏం చేసింది? ఏమీ చేయలేదు. ఎవరైనా వచ్చి దానికి మొదటి మాట చెప్పేదాకా అలాగే ఉండిపోయింది. ఆ మొదటి మాట చెప్పడానికి మనుషులు పడ్డ పాట్లు, అది చెప్పే హక్కు నాదంటే నాదని కంపెనీలు పడ్డ పోట్లాటలు ఈ భాగం కథ.

ఇది రాయాలన్న ఆలోచన నాకు మోత్కూర్‌లో వచ్చింది. ఒక సేవా కేంద్రంలో బెంచీ మీద కూర్చున్నాను. నా ముందు ఒక పెద్దాయన, చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో పాస్‌బుక్కు, ఆధార్ జిరాక్సులు. పొద్దున తొమ్మిదింటికి వచ్చాడట. పదకొండు దాటింది.

"ఏమైంది బిడ్డా?"

"సర్వర్ వస్తలేదు పెద్దయ్యా. జరసేపు కూసో."

"పండుకున్నదా ఏంది? ఎప్పుడు లేస్తదట?"

కౌంటర్ దగ్గరున్న అబ్బాయి నవ్వి ఊరుకున్నాడు. పెద్దాయన మాత్రం నవ్వలేదు, ఆయన నిజంగానే అడిగాడు. నాకు ఆ మాట పట్టుకుంది. సర్వర్ లేవడమంటే ఏమిటి? పండుకున్న యంత్రం ఎవరు లేపితే లేస్తుంది?

జవాబు ఆ పెద్దాయనకు తెలిసిన భాషలోనే ఉంది. మోత్కూర్ చుట్టుపక్కల, బిక్కేరు వాగు వెంట, ఇప్పటికీ పాత దిగుడు బావులు కొన్ని కనిపిస్తాయి. బోర్లూ సబ్‌మెర్సిబుల్ మోటర్లూ రాకముందు బావి గట్టు మీద మోటరు ఉండేది. ఫుట్‌వాల్వ్ కారి పైపులో నీళ్లు జారిపోతే మోటరు ఎయిర్ పట్టేది. స్టార్టర్ పచ్చ బటన్ ఎన్నిసార్లు నొక్కినా గిర్రున తిరగడమే తప్ప చుక్క నీరు రాదు. అప్పుడు రైతు ఏం చేసేవాడు? బిందెడు నీళ్లు తెచ్చి మోటరు నెత్తిన ఉన్న రంధ్రంలో పోసేవాడు. లోపల గాలి పోయి నీళ్లు నిండాక బటన్ నొక్కితే బావిలో నీరంతా గుంజుకొచ్చేది. నీళ్లు తోడే మోటరుకు ముందుగా కాసిని నీళ్లు కావాలి.

కంప్యూటర్‌ది కూడా అచ్చంగా ఇదే ఇబ్బంది. డిస్కులోంచో టేపులోంచో ప్రోగ్రామును తెచ్చుకోవాలంటే, ఎలా తెచ్చుకోవాలో చెప్పే ప్రోగ్రాము ముందే లోపల ఉండాలి. అది ఎక్కడి నుంచి రావాలి? ఇంగ్లీషు వాళ్లు దీనికి బూటు పోలిక తెచ్చుకున్నారు. తన బూటు పట్టీలు పట్టుకుని తనను తానే పైకి లేపుకునే మనిషి. 'బూట్' అన్న మాట అందులోంచే వచ్చింది. మనకు బిందెడు నీళ్ల పోలిక చాలు.

ఆ మొదటి బిందెను చక్కగా అమర్చినవాళ్లు కేంబ్రిడ్జి వాళ్లు. మారిస్ విల్క్స్ బృందం కట్టిన ఎడ్‌సాక్ 1949 మే 6న తొలి ప్రోగ్రామును నడిపింది. అందులో డేవిడ్ వీలర్ అనే కుర్ర పరిశోధకుడు 31 ఆదేశాలతో ఒక బుల్లి ప్రోగ్రాము రాశాడు. దాన్ని టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో వాడే తిరుగుడు స్విచ్చుల మీద తీగలతో శాశ్వతంగా అల్లేశారు. బటన్ నొక్కగానే ఆ 31 ఆదేశాలు జ్ఞాపకశక్తిలోకి చేరేవి, అవి కాగితపు టేపును చదివి అసలు ప్రోగ్రామును లోపలికి తెచ్చేవి. అప్పటిదాకా పెద్ద యంత్రాలకు పని మారిందంటే రోజుల తరబడి తీగలు పీకి మళ్లీ గుచ్చడమే. ముప్పై ఒక్క ఆదేశాలు ఆ చాకిరీని తప్పించాయి. ఈ మొత్తం చరిత్రలో నాకు అన్నిటికంటే అందంగా కనిపించేది ఇదే.

అయితే ఆ సౌకర్యం అందరికీ దక్కలేదు. టీడీసీ-12 పన్నెండు బిట్ల యంత్రం. అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ 1965లో తెచ్చిన పీడీపీ-8 కూడా పన్నెండు బిట్లదే. ఆ తరం మినీ కంప్యూటర్లకు తెల్లవారడమంటే ఎలా ఉండేదో పీడీపీ-8తో చెబితే తేలిగ్గా తెలుస్తుంది.

ముందు పలక మీద పన్నెండు స్విచ్చుల వరుస. మూడేసి చొప్పున నాలుగు గుంపులు. ఆపరేటర్ ముందు చిరునామాను స్విచ్చులతో పేర్చి ఒక మీట నొక్కుతాడు. తర్వాత ఆదేశాన్ని పేర్చి ఇంకో మీట నొక్కుతాడు. పైన, కింద, కింద, పైన. ఇలా ఇరవైకి లోపు ఆదేశాలు. ఒక్క స్విచ్చు తప్పినా మళ్లీ మొదటికే. ఆ కొద్ది ఆదేశాలకు తెలిసిన విద్య ఒక్కటే: ఒక ప్రత్యేకమైన పద్ధతిలో రంధ్రాలు కొట్టిన చిన్న టేపును చదవడం. ఆ చిన్న టేపులో ఇంకాస్త తెలివైన లోడర్ ఉంటుంది. అది పెద్ద టేపును చదువుతుంది. పెద్ద టేపులో అసలు పని ఉంటుంది. మూడు మెట్లు. రోజూ అదే పని చేసే ఆపరేటర్లకు ఆ అంకెలన్నీ ఎక్కాల్లాగా నోటికి వచ్చేవి, వేళ్లు వాటంతట అవే కదిలేవి.

అప్పటి జ్ఞాపకశక్తి చిన్న అయస్కాంతపు ఉంగరాలతో అల్లినది కాబట్టి కరెంటు పోయినా అందులో ఉన్నది చెరిగేది కాదు. రాత్రి ఆపి పొద్దున పెడితే నిన్న పేర్చిన లోడర్ చాలాసార్లు అక్కడే ఉండేది. ఏదో ఒక ప్రోగ్రాము దారి తప్పి దాని మీద రాసేసిన రోజున మాత్రం మళ్లీ స్విచ్చుల ముందు కూర్చోవాల్సిందే.

ఆ తర్వాత కొందరు ఈ లోడర్‌ను చిన్న పలకల మీద డయోడ్లతో అమర్చారు. డయోడ్ ఉన్నచోట ఒక అర్థం, కత్తిరించిన చోట ఇంకో అర్థం. చిప్పులు చవకయ్యాక అదే చెరగని చిప్పులోకి చేరింది. స్విచ్చుల పలకలు మాయమయ్యాయి. పోట్లాట మొదలైంది ఇక్కడే. లోడర్ ఆపరేటర్ వేళ్లలో ఉన్నంతకాలం అది ఎవరి సొత్తూ కాదు. చిప్పులోకి వెళ్లాక చిప్పు ఎవరిదైతే దానిలోని మొదటి మాట కూడా వాళ్లదే.

మన దేశంలో 1978లో ఐబీఎం దుకాణం కట్టేసింది. విదేశీ కంపెనీల వాటా 40 శాతానికి తగ్గాలన్న ఫెరా చట్టం షరతుకు ఒప్పుకోక వెళ్లిపోయింది. ఆ ఖాళీలో ఈసీఐఎల్‌కూ మిగతా దేశీయ కంపెనీలకూ ఊపిరి ఆడింది. అదే ఐబీఎం 1981 ఆగస్టు 12న అమెరికాలో ఒక చిన్న కంప్యూటర్‌ను విడుదల చేసింది. తొందరలో కట్టిన యంత్రం. ప్రాసెసర్ ఇంటెల్‌ది, ఆపరేటింగ్ సిస్టం మైక్రోసాఫ్ట్‌ది, మిగతా భాగాలు కూడా చాలామటుకు బయట కొన్నవే. ఐబీఎం తనదని గట్టిగా చెప్పుకోగలిగింది 8 కిలోబైట్ల ప్రోగ్రాము ఒక్కటే, బయాస్. ఆ పేరును అంతకుముందే సీపీ/ఎం అనే ఆపరేటింగ్ సిస్టం రాసిన గ్యారీ కిల్డాల్ పెట్టాడు.

బయాస్ చేసే పని చిన్నదేమీ కాదు. కరెంటు రాగానే ప్రాసెసర్ ఒక నిర్ణీత చిరునామాకు పోయి అక్కడున్న ఆదేశాన్ని చదువుతుంది. ఇంటెల్ 8086 కుటుంబంలో ఆ చిరునామా జ్ఞాపకశక్తికి చిట్టచివర, ఇంకా పదహారు బైట్లే మిగిలినచోట ఉంటుంది. అంత ఇరుకులో ఏ పనీ కాదు. అందుకని అక్కడ 'ఫలానా చోటికి దూకు' అన్న ఒక్క మాటే రాసి ఉంటుంది. అక్కడికి దూకాక బయాస్ ఒళ్లు తడుముకోవడం మొదలుపెడుతుంది. జ్ఞాపకశక్తి ఉందా, కీబోర్డు ఉందా, తెర ఉందా అని. అన్నీ సరిగ్గా ఉంటే ఒక్క 'బీప్'. తర్వాత డిస్కులో మొట్టమొదటి 512 బైట్లను తెచ్చి నడిపిస్తుంది.

ఐబీఎం ఆ బయాస్ మొత్తాన్నీ సాంకేతిక పుస్తకంలో అచ్చు వేసి అమ్మింది. అందరూ చదవవచ్చు, కాపీ కొడితే మాత్రం కోర్టుకు లాగుతుంది. చదివినవాడు రాస్తే కాపీ అంటారు కాబట్టి హ్యూస్టన్‌లో 1982లో పుట్టిన కాంపాక్ కంపెనీ ఒక ఉపాయం పన్నింది. ఒక జట్టు ఐబీఎం బయాస్‌ను చదివి అది ఏమేం చేస్తుందో మాత్రమే రాసింది, ఎలా చేస్తుందో రాయలేదు. దాన్ని ఎన్నడూ చూడని ఇంకో జట్టు ఆ వివరణ పట్టుకుని కొత్తగా బయాస్ రాసింది. ఫీనిక్స్ అనే మరో కంపెనీ 1984లో అలాంటిదే రాసి, డబ్బిచ్చిన ప్రతి తయారీదారుకూ లైసెన్సు ఇచ్చింది. ఐబీఎం గుత్తాధిపత్యానికి అక్కడితో గండి పడింది. చవక కంప్యూటర్లు ప్రపంచమంతా పారాయి, హైదరాబాదు కోఠీ దుకాణాల దాకా వచ్చాయి. ఇంత పోరు జరిగిన ఆ ఎనిమిది కిలోబైట్లు ఇప్పుడు ఫోన్‌లో తీసిన ఒక ఫోటోలో మూలకు కూడా సరిపోవు.

సర్వర్ మన ఊళ్ల ఆఫీసుల్లోకి అడుగుపెట్టింది ఆ అల వెంబడే. 1998 నవంబరు 4న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రిజిస్ట్రేషన్ కార్యాలయాలకు 'కార్డ్' పథకం వచ్చింది. చేత్తో నకళ్లు రాసే రోజులు పోయి, కంప్యూటర్లలో దస్తావేజులు ఎక్కించడం మొదలైంది. ఆ పథకంలో సర్వర్ ఏ ఆఫీసుది ఆ ఆఫీసులోనే. అంటే పొద్దున్నే దాన్ని లేపే పని కూడా అక్కడి మనుషులదే. ముందు సర్వర్ లేవాలి, అది లేచాకే చుట్టూ ఉన్న కంప్యూటర్లకు పని. బయట చెట్టు కింద దస్తావేజు లేఖరులు, స్టాంపు వెండర్లు, రెండు పక్షాల చుట్టాలు, సాక్షులు. కొన్నవాడికి ముహూర్తం దాటుతోందన్న ఆదుర్దా. లోపల నల్లటి తెర మీద తెల్లని అక్షరాలు పాకుతూ ఉంటాయి. కరెంటు అర్ధాంతరంగా పోయిన మర్నాడైతే ఇంకా ఆలస్యం. సగంలో ఆగిన రాతలేమైనా ఉన్నాయా అని డిస్కును సోదా చేయనిదే యంత్రం ముందుకు కదలదు.

అదే ఏడాది తైవాన్ విద్యార్థి ఒకడు రాసిన సీఐహెచ్ వైరస్ పుట్టింది. అది 1999 ఏప్రిల్ 26న ఒళ్లు విరుచుకుంది. డిస్కును తుడిచేయడమే కాక, చాలా యంత్రాల్లో బయాస్ చిప్పు మీద చెత్త రాసేసింది. అలాంటి కంప్యూటర్లు బటన్ నొక్కినా ఉలకలేదు, పలకలేదు. చిప్పు మార్చడమో, మళ్లీ రాయించడమో చేస్తే తప్ప లేవలేదు. మొదటి మాట చెరిగిపోతే ఏమవుతుందో లోకానికి అప్పుడు కళ్లకు కట్టినట్టు తెలిసింది.

ఇప్పుడు నేటి సర్వర్ దగ్గరికి వద్దాం. ఇంట్లో కంప్యూటర్ పది, పదిహేను సెకన్లలో లేస్తుంది. సర్వర్‌కు కొన్ని నిమిషాలు పడుతుంది. అంత ఖరీదైన యంత్రానికి అంత ఆలస్యం ఎందుకని చాలామంది అడుగుతారు. దాని బరువును బట్టి దాని లేవడం.

తీగ గుచ్చగానే, బటన్ ఇంకా నొక్కకముందే, లోపల ఒక చిన్న కాపలాదారు మేలుకుంటాడు. మదర్‌బోర్డు మీద వేరే ప్రాసెసర్, వేరే జ్ఞాపకశక్తి ఉన్న చిన్న కంప్యూటర్ అది. బీఎంసీ అంటారు. 1998లో ఇంటెల్, డెల్, హెచ్‌పీ, ఎన్‌ఈసీ కలిసి దానికి ఒక ఉమ్మడి భాష కుదిర్చాయి. హైదరాబాదులో ఇంట్లో కూర్చున్న ఇంజినీరు అర్ధరాత్రి లేచి, ఎక్కడో గదిలో ఉన్న సర్వర్ బటన్‌ను నొక్కగలుగుతున్నాడంటే ఈ కాపలాదారు పుణ్యమే.

బటన్ నొక్కగానే ఫ్యాన్లు ఒక్కసారిగా గాండ్రిస్తాయి. పక్కనున్న మనిషి మాట వినపడదు. లోపలి వేడి సంగతి తెలియనంతసేపు పూర్తి వేగంతో తిరిగి, కాపలాదారు పగ్గం పట్టాక నెమ్మదిస్తాయి. ఇక ప్రాసెసర్ మేలుకుంటుంది. దానికి పని చేయడానికి జ్ఞాపకశక్తి కావాలి, ఆ జ్ఞాపకశక్తి ఇంకా సిద్ధంగా లేదు. అందుకని తన సొంత జేబులాంటి క్యాష్‌ను కాసేపు జ్ఞాపకశక్తిగా వాడుకుంటూ అసలు జ్ఞాపకశక్తికి శ్రుతి పెడుతుంది. ఒక్కో జ్ఞాపకశక్తి పలకకూ సంకేతం ఎంత వేగంతో పంపాలి, ఎంత తేడాతో అందుకోవాలి అని సరిచూసుకోవాలి. కచేరీ ముందు తంబురా సవరించుకున్నట్టు. పెద్ద సర్వర్లలో ఇలాంటి పలకలు పదుల సంఖ్యలో ఉంటాయి. ఆలస్యంలో పెద్ద వాటా దీనిదే.

తర్వాత డిస్కులు. తిరిగే డిస్కులన్నీ ఒకేసారి తిరగడం మొదలుపెడితే ఆ ఉదుటుకు కరెంటు తట్టుకోదు. అందుకే చాలా సర్వర్లు వాటిని ఒకదాని తర్వాత ఒకటి తిప్పుతాయి. ఇది మన రైతులకు బాగా ఎరుకైన సంగతే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చినప్పుడు, ఆటో స్టార్టర్లు తీసేయమని ఊరూరా చెప్పారు గదా. ఆటో స్టార్టర్లుంటే కరెంటు రాగానే మోటర్లన్నీ ఒక్కసారే లేస్తాయి, ట్రాన్స్‌ఫార్మర్ల మీద భారం పడుతుంది. పొలాల్లో చెప్పిన జాగ్రత్తను సర్వర్ తన పెట్టెలో తాను పాటిస్తుంది.

ఆపైన బయాస్ వంశానికీ కొత్త వంశానికీ మధ్య జరిగిన మార్పిడి చెప్పాలి. పాత పద్ధతిలో డిస్కు మొదటి 512 బైట్లలో ప్రోగ్రాముకు దక్కేవి 446 మాత్రమే. మిగతాది దాదాపు అంతా డిస్కు పంపకాల పట్టిక. ఆ పట్టికలో నాలుగు వాటాలకే చోటు, 2 టెరాబైట్లకు మించి లెక్క తెలియదు. పెద్ద సర్వర్లకు అది చాలని చొక్కా అయింది. ఇంటెల్ 1998 ప్రాంతంలో తన ఇటానియం సర్వర్ల కోసం కొత్త పద్ధతి మొదలుపెట్టింది. 2005లో దాన్ని కంపెనీలన్నీ కలిసిన యూఈఎఫ్ఐ ఫోరంకు అప్పగించారు. కొత్త పద్ధతి 446 బైట్ల కోసం వెతుక్కోదు. డిస్కులో తనకంటూ ఒక వాటా ఉంచుకుని, అందులోంచి ఫైలు తెరిచి నడిపిస్తుంది.

ఆ ఫైలు, సర్వర్లో లైనక్స్ ఉంటే, చాలాచోట్ల గ్రబ్ అనే లోడర్ అవుతుంది. దానికంటే ముందు లిలో ఉండేది. లిలో అంటే నాకు ప్రత్యేకమైన అభిమానం. అది తన పేరులోని నాలుగు అక్షరాలను ఒక్కొక్కటిగా తెర మీద వేసేది. ఒక్కో మెట్టు దాటితే ఒక్కో అక్షరం. పేరు పూర్తయిందంటే క్షేమం. రెండక్షరాల దగ్గర ఆగిపోయిందంటే ఇంజినీరుకు తప్పు ఎక్కడుందో తెలిసిపోయేది. రోగి తన నొప్పి తానే చెప్పుకున్నట్టు. లైనక్స్ గుండెకాయ లాంటి కెర్నెల్‌ను మార్చిన ప్రతిసారీ దాన్ని మళ్లీ రాయించాలి, మరిచిపోతే మర్నాడు యంత్రం లేవదు. ఎరిక్ బోలిన్ 1995లో మొదలుపెట్టిన గ్రబ్ ఫైళ్లను తానే చదువుకోగలదు కాబట్టి ఆ బాధ తప్పించి లిలో చోటు తీసుకుంది.

మొదటి మాట మీద హక్కు పోట్లాట 2012లో మళ్లీ రాజుకుంది. సంతకం లేని ప్రోగ్రామును యంత్రం లేచేటప్పుడు నడపనివ్వకూడదన్న 'సెక్యూర్ బూట్' నియమం విండోస్ 8తో పాటు వచ్చింది. సీఐహెచ్ లాంటివాటిని తలుచుకుంటే ఈ జాగ్రత్త సబబే. సంతకం చేసే తాళంచెవి మాత్రం ఎక్కువ యంత్రాల్లో మైక్రోసాఫ్ట్ దగ్గరే ఉంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లోకం భగ్గుమంది. మాథ్యూ గారెట్ అనే ప్రోగ్రామర్ మధ్యేమార్గం వెతికాడు. మైక్రోసాఫ్ట్ సంతకం ఉన్న చిన్న ప్రోగ్రాము ఒకటి ముందు నడుస్తుంది, అది తన దగ్గరున్న వేరే తాళంచెవితో లైనక్స్‌ను సరిచూసి లోపలికి రానిస్తుంది. పని నడిచింది. అయినా సొమ్ము మనం పెట్టి కొన్న యంత్రం ఎవరి సంతకంతో లేవాలన్న ప్రశ్న న్యాయమైనదేనని నేను నమ్ముతాను.

గ్రబ్ కెర్నెల్‌ను జ్ఞాపకశక్తిలోకి తెస్తుంది. ఇక్కడ బావి మోటరు సమస్య మరోసారి ఎదురవుతుంది. డిస్కును చదివే డ్రైవరు డిస్కులోనే ఉంది! అందుకని కెర్నెల్ వెంట ఒక సద్దిమూట కట్టి పంపుతారు. ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ అని పేరు. పొలంలో పొయ్యి వెలిగేదాకా సద్ది తిన్నట్టు, అసలు డిస్కు తెరుచుకునేదాకా కెర్నెల్ ఆ మూటలోని సరంజామాతో నెట్టుకొస్తుంది. అసలు డిస్కు దొరకగానే మూట వదిలేసి ఇంటి వంటకు మారుతుంది. అప్పుడు అసలు పని మొదలుపెట్టేది ఒకటో నంబరు ప్రాసెస్. మిగతా ప్రోగ్రాములన్నీ దాని సంతానమే. 2010లో వచ్చిన సిస్టమ్‌డీ అనే ప్రోగ్రాము ఆ పెద్దరికం తీసుకుని పనులను వరుసగా కాక ఒకేసారి మొదలుపెట్టింది. దాని మీద ఎంత గొడవైందంటే డెబియన్ అనే లైనక్స్ సంఘంలో చీలిక వచ్చి వేరు కుంపటి పెట్టుకున్నారు.

ఆ తర్వాత నెట్‌వర్కు లేస్తుంది, గడియారం సరిచూసుకుంటుంది, డేటాబేస్ తన చిట్టాలు తెరిచి నిన్న సగంలో ఆగిన లెక్కలు పూర్తి చేసుకుంటుంది. చివరన అసలు అప్లికేషన్. సర్వర్ లేచింది అని అనాలంటే ఇన్ని చేతులు మారాలి. ముందు మెట్టులో ఉన్నది చిన్నది, దానికి తెలిసిన పని ఒక్కటే: తర్వాతి దాన్ని లేపడం.

మోత్కూర్ బెంచీ మీద కూర్చుని పన్నెండు దాటేదాకా చూశాను. పెద్దాయన కవరులోంచి బీడీ కట్ట తీసి బయటికి వెళ్లాడు. ఆయన తిరిగొచ్చేసరికి తెర మీద పేజీ తెరుచుకుంది. "లేచింది పెద్దయ్యా, రా" అన్నాడు అబ్బాయి. కాగితం చేతికి అందడానికి ఐదు నిమిషాలు పట్టలేదు.

అయితే ఆ పొద్దున ఆగింది సర్వరేనా? కార్డ్ రోజుల్లోనైతే సర్వర్ పక్క గదిలోనే ఉండేది, అక్షరాలు పాకడం కళ్లతో చూడవచ్చు. ఆ సర్వర్లు ఆఫీసులు వదిలి హైదరాబాదుకు ఎందుకు చేరాయి, 2011 నవంబరులో మీసేవ ఎలా మొదలైంది, ఒకే ఇనుప పెట్టెలో ఇరవై సర్వర్లు వేర్వేరుగా ఎలా నిద్రలేస్తున్నాయి, హైదరాబాదు నుంచి మోత్కూర్ కౌంటర్ దాకా ఉన్న తీగలో ఎక్కడెక్కడ ఎవరెవరు ఆగుతారు అన్నది వచ్చే భాగంలో.